వెన్నెముకకు ముద్ర

"ఉద్యోగులే శాఖకు వెన్నెముక. సదరు వెన్నెముకను తక్షణం బలోపేతం చేసి నివేదిక పంపవలెను" అని ప్రధాన కార్యాలయం నుంచి ఒక సర్క్యులర్ వచ్చింది. ఇంకే శాఖకి వచ్చినా దాన్ని ఫైల్లో కుట్టేసి, "బలోపేతం చేయడమైనది" అని ఒక ముక్క రాసి పంపి, టీ తాగేవారు. అది తూనికలు కొలతల శాఖకి రావడం వల్లే వచ్చింది చిక్కంతా.

ఆ శాఖలో మాటను మాటగానే తీసుకుంటారు. కిలో అంటే వెయ్యి గ్రాములు. మీటరంటే నూరు సెంటీమీటర్లు. ఇందులో ఉపమానాలకీ ఉత్ప్రేక్షలకీ చోటులేదు. జిల్లా అధికారి త్రివిక్రమరావు గారైతే మరీను. డబ్బాతో కలిపి మిఠాయి తూచారని పోయిన పండక్కి ఒక్క రోజులో పదకొండు మిఠాయి కొట్ల మీద కేసులు రాసిన మనిషి ఆయన. ఆ సర్క్యులర్‌ని రెండుసార్లు చదివి, కళ్ళజోడు తీసి తుడిచి, మూడోసారి చదివారు.

"భ్రమరాంబ గారూ, మన వెన్నెముకలు ఎంత ఉన్నాయి?" అన్నారు.

"ఏడుగురమండీ. తలా ఒకటి" అంది సీనియర్ అసిస్టెంట్ భ్రమరాంబ.

"సంఖ్య కాదండీ. బలం. ఎంత బలం ఉందో తెలియకుండా బలోపేతం ఎలా చేస్తాం? ముందు కొలత. కొలవనిదేదీ ఈ ఆఫీసులోంచి బయటికి పోకూడదు."

భ్రమరాంబ తలూపి, సర్క్యులర్ కింద పెట్టిన ఇంకో ఫైలుని కొద్దిగా ముందుకి జరిపింది. మూడేళ్ళుగా ఆవిడ రోజూ ఏదో ఒక కాగితం కింద పెట్టి ఆ ఫైలుని జరుపుతూనే ఉంది. "తూకం రాళ్ళ గదిని రెండవ అంతస్తు నుండి క్రింది అంతస్తునకు మార్చుట మరియు ఒక ట్రాలీ కొనుట గురించి" అన్నది దాని పేరు. త్రివిక్రమరావు గారు దాన్ని మూడేళ్ళుగా రోజూ వెనక్కి జరుపుతూనే ఉన్నారు.

రాళ్ళంటే మామూలు రాళ్ళు కావు. ఒక్కొక్కటీ ఇరవై కిలోల ఇనప గుండు. అలాంటివి ఇరవై అయిదు. బియ్యం మిల్లుల్లో, మార్కెట్ యార్డులో పెద్ద కాటాలు సరిగ్గా తూగుతున్నాయో లేదో ఈ రాళ్ళు పెట్టే చూడాలి. ఏ మహానుభావుడు నిర్ణయించాడో గానీ, భద్రత పేరుతో వాటిని రెండో అంతస్తులో పెట్టారు. లిఫ్టు లేదు. మోసే ఇద్దరిలో ఒకరు రిటైరయ్యారు, రెండో పోస్టు రద్దయింది. మిగిలింది అటెండరు పోలినాయుడు. రాళ్ళ చార్జి తనది కాబట్టి భ్రమరాంబ కూడా కొంగు బిగించి ఒక చెయ్యి వేసేది. ఆవిడకి యాభై ఏడేళ్ళు. నడుము ఏడాదిగా సలుపుతోంది.

*

జిల్లా ఆసుపత్రిలో పోయినేడాది వచ్చిన సీటీ స్కాన్ మిషను ఉంది. దాంతో వెన్నుపూస ఎంత గట్టిగా ఉందో అంకెల్లో చెప్పొచ్చని త్రివిక్రమరావు గారు ఎక్కడో చదివారు. అంకె ఉందని తెలిశాక ఇక ఆయన్ని ఆపడం ఎవరి తరమూ కాలేదు. ఏ ఆఫీసు ఎక్కి ఏం చెప్పారో గానీ, "ప్రజా ప్రయోజనార్థం" అని పైవాళ్ళ ఉత్తర్వు తెచ్చి, బుధవారం నాటికి ఏడు వెన్నెముకల్నీ ఆసుపత్రిలో వరసగా కూర్చోబెట్టారు.

స్కాన్ డాక్టరు నస్రీన్ నెమ్మదస్తురాలు. "అవసరం లేనివాళ్ళకి స్కాన్ తియ్యకూడదండీ, రేడియేషన్ కదా" అని మూడుసార్లు చెప్పి చూసింది. ఆయన మూడుసార్లూ ఉత్తర్వు చూపించారు. చివరికి ఆవిడే తగ్గి, వివరం చెప్పింది. ఈ కొలతలో నీళ్ళకి సున్నా, గాలికి మైనస్ వెయ్యి. వెన్నుపూస లోపలి ఎముక నూట యాభై దాటితే నిశ్చింత. నూటికి తగ్గితే ఎముక గుల్లబారినట్టు, పూస విరిగే ప్రమాదం ఉన్నట్టు.

త్రివిక్రమరావు గారు జేబు పుస్తకంలో రాసుకున్నారు. "ప్రమాణం నూట యాభై. అనుమతించదగిన తేడా, ఒకటి."

"తేడా ఏమిటండీ?" అంది డాక్టరు.

"ఏ తూనికకైనా ఉంటుందమ్మా. మీకు తెలీదు."

భ్రమరాంబ వంతు వచ్చేసరికి డాక్టరు ఆవిడకి స్కాన్ తియ్యలేదు. శాఖ రాళ్ళు చాలవన్నట్టు పోయిన వేసవిలో ఆవిడ కిడ్నీలో ఇంకో రాయి పుట్టింది. అప్పుడు తీసిన స్కానే కంప్యూటర్లో ఉంది. "కడుపుకి తీసినా వెన్నుపూసలు అందులో పడతాయమ్మా, అది చాలు" అంటూ దాన్ని తెరిచి, కాసేపు చూసి, కుర్చీ దగ్గరికి లాక్కుంది.

"డెబ్భై ఎనిమిదే ఉంది. ఇదిగో, ఈ పూస ముందువైపు కాస్త నలిగింది కూడాను. మీరీమధ్య ఎత్తు తగ్గారా?"

"పై అరలో ఫైళ్ళు అందడం లేదండీ. అర పైకి జరిపారేమో అనుకున్నాను."

"బరువులెత్తుతారా?"

"ఇరవై కిలోలు. ఇరవై అయిదు."

"అంటే ఇరవై నుంచి ఇరవై అయిదు కిలోల దాకానా?"

"కాదండీ. ఇరవై కిలోలవి ఇరవై అయిదు."

డాక్టరు కుర్చీ ఆవిడ వైపు తిప్పుకుంది. తర్వాత చాలా మెల్లగా చెప్పింది. మందులున్నాయి, వాడితే మెరుగవుతుంది. కానీ అందాకా అయిదు కిలోలు మించి ఎత్తకూడదు. ఆ రాయి ఇంకొక్కసారి ఎత్తినా పూస చితికిపోవచ్చు, అప్పుడు నెలల తరబడి మంచమే గతి.

"మా మనవరాలు ఆరున్నర కిలోలండీ" అంది భ్రమరాంబ. ఆవిడకి అన్నిటికన్నా ముందు అదే గుర్తొచ్చింది.

"కూర్చుని ఒళ్ళో వేసుకోండి. నిలబడి ఎత్తుకోవద్దు."

భ్రమరాంబకి భయం వేసింది. అలాంటిలాంటి భయం కాదు. రాళ్ళ గది మెట్లు ఎన్నో ఆవిడకి లెక్క తెలుసు, ముప్ఫై ఎనిమిది. వచ్చే నెల మార్కెట్ యార్డులో కాటాలు పరీక్షించి ముద్రలు వేసే క్యాంపు ఉంది. ఆ వేళకి రాళ్ళన్నీ కిందకి దిగాలి.

ఆఖరున త్రివిక్రమరావు గారు మిషనెక్కారు. దిగాక అంకె అడిగారు.

"రెండువేల ఆరువందల నలభై" అంది డాక్టరు. "కానీ సార్, ఇది ఎముక కాదు. మీ నడుముకి ఆపరేషన్ చేసి రాడ్లు వేసినట్టున్నారు కదా?"

"తొమ్మిదేళ్ళయింది. స్కూటరు మీంచి పడ్డాను."

"మీరేమో సరిగ్గా నడుము మధ్యలోనే కొలవమని పట్టుబట్టారు. అక్కడున్నది స్టీలు. ఈ అంకె లెక్కలోకి రాదండీ."

"స్టీలు ఎవరిది? నా ఒంట్లో ఉన్నది నాదే" అన్నారాయన.

డబ్బాతో కలిపి తూచాడని మిఠాయి కొట్టువాడు కాళ్ళావేళ్ళా పడ్డా వదలని మనిషి, తన డబ్బాని మాత్రం తనలోనే కలిపేసుకున్నాడే అనుకుంది భ్రమరాంబ.

"పోనీ, రిమార్కుల్లో రాస్తాను" అంది డాక్టరు.

"ప్రొఫార్మాలో రిమార్కుల గడి లేదు" అన్నారు త్రివిక్రమరావు గారు.

*

మర్నాటి నుంచి ఆఫీసు ఆఫీసులా లేదు. కాటాకి వేసినట్టే ప్రతి ఉద్యోగికీ సీసం ముద్ర తయారైంది. ముద్ర మీద అంకె, సంవత్సరం. దాన్ని గుర్తింపు కార్డుకి తీగతో కట్టుకోవాలి. అటెండరు పోలినాయుడికి నూట ఎనభై నాలుగు వచ్చింది. గుమాస్తాలు ముగ్గురిలో ఇద్దరు గట్టెక్కారు, నూట నలభై తొమ్మిది వచ్చిన మూడో ఆయన అనుమతించదగిన తేడాతో బతికిపోయాడు. ఇన్‌స్పెక్టరు బంగార్రాజు నూట ముప్ఫై ఎనిమిది దగ్గర ఆగిపోయాడు. అతనికి, తప్పు కాటాకి ఇచ్చినట్టే, మరమ్మతు నిమిత్తం ముప్ఫై రోజుల గడువు ఇచ్చారు.

బంగార్రాజు రెండు పూటలా రాగి అంబలి, మధ్యలో నువ్వుల ఉండలు, ఎప్పుడు చూసినా పాలు. భోజనాల వేళ డాబా మీద చాప వేసుకుని చొక్కా విప్పి ఎండలో బోర్లా పడుకునేవాడు. "వెన్నుకి విటమిన్ పడుతోంది, అడ్డు తప్పుకోండి" అనేవాడు. చూసి చూసి గుమాస్తాలు ముగ్గురూ చాపలు తెచ్చుకున్నారు. ఫిర్యాదు ఇవ్వడానికి వచ్చిన వినియోగదారులు డాబా ఎక్కి, వీపులతోనే మాట్లాడి వెళ్ళేవారు.

భ్రమరాంబ దగ్గరికి వచ్చేసరికి అసలు సమస్య వచ్చింది. ప్రమాణానికి ఏకంగా డెబ్భై రెండు తక్కువ. మరమ్మతుకి వీలుకాని తూనికను ఏం చేయాలో శాఖలో పసివాడికైనా తెలుసు. జప్తు చేయాలి.

పంచనామాకి సాక్షులుగా ఎదురుగా ఉన్న టీ కొట్టాయన్నీ జిరాక్సు కొట్టాయన్నీ పిలిచారు. త్రివిక్రమరావు గారు గంభీరంగా చెబుతుంటే భ్రమరాంబే రాసింది, ఆ ఆఫీసులో రాతకోతలన్నీ ఆవిడవే కాబట్టి. "సదరు వస్తువు, అనగా సీనియర్ అసిస్టెంటు ఒకటి, ప్రమాణమునకు డెబ్భై రెండు తక్కువగా ఉన్నందున, పంచాయతీదారుల సమక్షమున స్వాధీనపరచుకోవడమైనది."

"ఈవిడకేటయిందండి? బాగానే ఉంది గదా" అన్నాడు టీ కొట్టాయన.

"సంతకం పెట్టవయ్యా" అన్నారు త్రివిక్రమరావు గారు.

"మందులు వాడితే మెరుగవుతుందని డాక్టరు గారు రాసిచ్చారండీ" అంది భ్రమరాంబ.

"అయినప్పుడు చూద్దాం. అందాకా జప్తు సరుకు జప్తు గదిలోనే ఉండాలి కదా? కుర్చీ, ఫ్యాను వేయిస్తాను. నేనేం కఠినాత్ముణ్ణి కాను."

జప్తు గది రెండో అంతస్తులోనే, రాళ్ళ గది పక్కనే. అరిగిపోయిన తక్కెళ్ళ మధ్య, అడుగు పైకి తోసిన లీటరు డబ్బాల మధ్య భ్రమరాంబకి టేబులు వేశారు. "ఒకందుకు మేలే. క్యాంపుకి రాళ్ళు దింపడానికి మీకిక దగ్గర" అని కూడా అన్నారాయన.

"డాక్టరు గారు ఎత్తొద్దన్నారండీ. ఈసారికి నాకు మినహాయింపు ఇప్పించండి."

"ఏ రూలు కింద ఇవ్వమంటారు? ఎముక తక్కువైతే బరువు తగ్గించాలని ఎక్కడైనా ఉందా? ఉంటే చూపించండి, ఈ క్షణం సంతకం పెడతాను."

ఎక్కడా లేదు. ముప్ఫై రెండేళ్ళ సర్వీసులో ఆవిడకి తెలియని రూలు లేదు. ఆ సాయంత్రం పోలినాయుడు పైకి టీ తెచ్చి, ఆవిడ మొహం చూసి అక్కడే నిలబడిపోయాడు.

"అమ్మా, మీరు సెయ్యెయ్యకండి. నానొక్కడినే దింపీగలను."

"నీకూ యాభై తొమ్మిది దాటాయి నాయుడూ."

"దాటిపోతే ఏటి? నాకు నూటెనబై నాలుగు గదా. ముద్ర కూడా ఎట్టీసినారు" అని నవ్వాడు. భ్రమరాంబ కూడా నవ్వింది గానీ, ఆ రాత్రి సరిగ్గా నిద్రపట్టలేదు.

*

వారం తిరక్కుండా ప్రధాన కార్యాలయం నుంచి ఉత్తరం వచ్చింది. వెన్నెముకను నిజంగా కొలిచిన జిల్లా రాష్ట్రంలో ఇదొక్కటేనట. రెండువేల ఆరువందల నలభై అంకె చూసి పైవాళ్ళు ముగ్ధులైపోయారట. దీన్ని ఆదర్శ జిల్లాగా ప్రకటించారు. అన్ని జిల్లాలకీ వర్తించేలా విధివిధానాలు రాసి పంపమన్నారు. క్యాంపు రోజున వాటి అమలు చూడటానికి డిప్యూటీ కంట్రోలరు కమలాకరం గారు స్వయంగా వస్తున్నారు.

త్రివిక్రమరావు గారు ఉత్తరం పట్టుకుని ముప్ఫై ఎనిమిది మెట్లూ ఎక్కి జప్తు గదికి వచ్చారు. "భ్రమరాంబ గారూ, విధివిధానాలు మీరే రాయాలి. ఈ ఆఫీసులో అంత గట్టి భాష ఇంకెవరికీ రాదు."

"జప్తు సరుకు చేత రాయించవచ్చునాండీ?"

"స్వాధీనంలో ఉన్న వస్తువును శాఖ అవసరాలకి వాడుకోవచ్చు."

భ్రమరాంబ కాగితం తీసుకుంది. మొదటి ఆరు క్లాజులూ అలవాటు చొప్పున గబగబా సాగిపోయాయి. కొలత ఎప్పుడు, ముద్ర ఎక్కడ, ప్రొఫార్మా ఎన్ని ప్రతులు. ఏడో క్లాజు దగ్గర కలం ఆగింది. కిటికీలోంచి పక్కగదిలో రాళ్ళు కనిపిస్తున్నాయి. రూలు ఎక్కడా లేదన్నారు కదా, మరి రూలు రాసేది తనేగా?

ఆ ముక్క తట్టగానే ఆసుపత్రి నుంచి వచ్చాక మొదటిసారి ఆవిడకి మనసారా నవ్వొచ్చింది. గబగబా రాసేసింది.

"ఏడు. శాఖ యొక్క భారమును ఉద్యోగులు తమ తమ సాంద్రతకు, అనగా వెన్నెముక కొలతలో వచ్చిన అంకెకు, అనుపాతముగా వహించవలెను. ఎనిమిది. అట్టి విభజనలో మిగులు భిన్నములను అత్యధిక సాంద్రత గలవారు వహించవలెను."

త్రివిక్రమరావు గారు డ్రాఫ్టు పైకి చదివారు. ఏడో క్లాజు దగ్గర ఆగి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"శాఖ భారము! ఎంత బాగా రాశారండీ. ఇన్నేళ్ళూ నేనొక్కణ్ణే మోస్తున్నాను. గుర్తించినవాళ్ళే లేకపోయారు."

"ఇక అందరికీ తెలుస్తుంది లెండి" అంది భ్రమరాంబ.

వెన్నెముక అంటే ఎముకే అనుకున్న ఆ మనిషి, భారం అంటే మాత్రం బరువని అనుకోలేదు. అక్కడికక్కడే సంతకం చేసి, తేదీ వేసి, ముద్ర కూడా కొట్టారు.

*

క్యాంపు రోజు పొద్దున్న తొమ్మిదింటికే కమలాకరం గారు దిగారు. పూలదండ, కొబ్బరి నీళ్ళు అయ్యాయి. "ఆ రెండువేల ఆరువందల నలభై మీరేనా?" అని త్రివిక్రమరావు గారి చెయ్యి పట్టుకుని ఊపారు. "మా కార్యాలయంలో అందరం కలిపినా అంత లేమండీ."

"అంతా తమ ఆశీస్సులు" అన్నారు త్రివిక్రమరావు గారు, ఉన్నదానికన్నా నిటారుగా నిలబడి.

నోటీసు బోర్డు మీద అప్పటికే ఒక కాగితం అంటించి ఉంది. ఏడో క్లాజు ప్రకారం ఇరవై అయిదు రాళ్ళ పంపకం. ఏడుగురి సాంద్రతా కలిపితే మూడువేల అయిదువందలు. పోలినాయుడికి ఒక రాయి. గుమాస్తాలు ముగ్గురికీ తలా ఒకటి. భ్రమరాంబ వాటాకి సగం రాయి వచ్చింది. బంగార్రాజు వాటా ఒక రాయికి రవ్వంత తక్కువైంది. శాఖ రాయిని ముక్కలు చేయడం నేరం కాబట్టి, ఆ భిన్నాలన్నీ ఎనిమిదో క్లాజు ప్రకారం పైకి వెళ్ళాయి. త్రివిక్రమరావు గారికి ఇరవై ఒకటి.

తన పేరు పక్కన సున్నా చూసుకుని బంగార్రాజు చేతిలో ఉన్న పాలగ్లాసు గోడ మీద పెట్టేశాడు. తన అంకె ఇంకో మూడు పెరిగి ఉంటే తనకీ ఒక రాయి పడేది. మళ్ళీ పాలు ముట్టుకుంటే ఒట్టు.

"ఇదేమిటండీ?" అన్నారు త్రివిక్రమరావు గారు, బోర్డు వైపు వేలు చూపిస్తూ.

"తమరు సంతకం చేసిన ఏడో క్లాజేనండీ" అంది భ్రమరాంబ. "శాఖ భారం."

"భారమంటే... బాధ్యత అనే అర్థంలో..."

"తూనికలు కొలతల శాఖలో భారమంటే బరువే కదండీ" అన్నారు కమలాకరం గారు, ఆయన కూడా అదే శాఖవారు కనుక. "అమోఘమైన క్లాజు. పైవాడే ఎక్కువ మోయడం. ఏ శాఖలోనైనా విన్నామా? కానివ్వండి, చూద్దాం."

వెనక్కి తగ్గే దారి లేదు. అందరూ రెండో అంతస్తుకి ఎక్కారు. త్రివిక్రమరావు గారు కోటు విప్పి పోలినాయుడికిచ్చి, వంగి, మొదటి రాయిని రెండు చేతులా పట్టుకుని లేపారు. మొహం ఎర్రబడింది. ఒక మెట్టు దిగారు. రెండో మెట్టు దిగారు. మూడో మెట్టు మీద నెమ్మదిగా కూర్చుండిపోయి, రాయిని ఒళ్ళోకి తీసుకున్నారు.

"ఆగారేం?" అన్నారు కమలాకరం గారు.

త్రివిక్రమరావు గారు ఒక చేత్తో నడుము పట్టుకున్నారు. ఆ చెయ్యి ఎక్కడ పెట్టారో, ఎందుకు పెట్టారో భ్రమరాంబకి తెలిసినట్టు అక్కడ ఇంకెవరికీ తెలియదు. ఆయన్ని ఏడిపించాలనే ఇదంతా చేసింది గానీ, తీరా ఆ చెయ్యి చూశాక ఆవిడకి జాలేసింది. వెళ్ళి పక్క మెట్టు మీద కూర్చుంది.

"ఇరవై కిలోలేనాండీ ఇది?" అన్నారాయన చిన్న గొంతుతో.

"సరిగ్గా ఇరవై. తమరే ముద్ర వేశారు."

"మూడేళ్ళుగా మీరు..."

"నేనూ, నాయుడూ."

ఆయన కాసేపు రాయి వంక చూశారు. "ఆ ట్రాలీ ఫైలు ఒకటుండాలి కదా" అన్నారు.

భ్రమరాంబ చంకలోంచి తీసింది. ఎక్కడ సంతకం పెట్టాలో అక్కడ చీటీ కూడా అంటించి ఉంది. త్రివిక్రమరావు గారు ఫైలుని ఒళ్ళో ఉన్న ఇరవై కిలోల రాయి మీద పరిచి, మూడేళ్ళ తర్వాత, రెండు చోట్లా సంతకం పెట్టారు.

ఆ రోజు రాళ్ళని మార్కెట్ యార్డు హమాలీలు నలుగురు వచ్చి అరగంటలో దింపేశారు. ఇన్నాళ్ళూ వాళ్ళని పిలవాలని ఎవరికీ ఎందుకు తోచలేదో ఎవరూ అడగలేదు. కమలాకరం గారు మాత్రం వెళ్ళేముందు ఏడో క్లాజు కాపీ అడిగి, మడిచి జేబులో పెట్టుకోబోయి, ఎందుకో మళ్ళీ తిరిగిచ్చేశారు. అన్ని జిల్లాలకీ వర్తింపజేసే ఆలోచన ఆ తర్వాత ఎక్కడా వినిపించలేదు.

భ్రమరాంబ విడుదలకి మళ్ళీ అదే సాక్షులు వచ్చారు. "సదరు వస్తువును యథాస్థానమునకు చేర్చడమైనది" అని తనే రాసుకుని, కింద అంతస్తులో తన పాత కుర్చీలో కూర్చుంది. పై అర అందడం లేదని చెబితే బంగార్రాజు ఫైళ్ళన్నీ కింది అరలోకి మార్చాడు. ఆదివారం మనవరాల్ని ఒళ్ళో వేసుకుని సాయంత్రం దాకా లేవలేదు. పిల్ల ఏడు కిలోలయింది.

రాళ్ళు కింది గదికి చేరాక పదిహేను రోజులకి ట్రాలీ వచ్చింది. పెద్ద చక్రాలు, తళతళలాడే స్టీలు. పోలినాయుడు అయిదు రాళ్ళు ఎక్కించి, ఒక్క చేత్తో గది చుట్టూ తోసి చూశాడు. తర్వాత తన మెడలోని కార్డుకున్న సీసం ముద్రని విప్పి, ట్రాలీ పిడికి తీగతో గట్టిగా కట్టాడు.

"అదేమిటి నాయుడూ?" అంది భ్రమరాంబ.

"మోసీది ఇదే గదమ్మా. ముద్ర దీనికే ఉండాల."

అప్పుడే అటుగా వెళుతున్న త్రివిక్రమరావు గారు ఆగి, ముద్రని వేళ్ళతో తిప్పి చూశారు. ఎంతైనా కొలతల మనిషి, ఆయనకి ఊరుకోబుద్ధి కాలేదు.

"నూట ఎనభై నాలుగు తప్పు కదండీ. దీని అసలు అంకె ఎంతుంటుంది?"

"స్టీలు కదండీ. తమ అంకెకి కాస్త అటూ ఇటూగా ఉంటుంది" అంది భ్రమరాంబ.